రెజ్యూమేలో పద్నాలుగు నెలల ఖాళీ

2018. రియాద్‌లో ఒక మెయింటెనెన్స్ కంపెనీ, అందులో పర్సనల్ సెక్షన్. సెక్షన్ అంటే నేనూ, ఒక ప్రింటరూ. ఇద్దరిలో ఎక్కువ సెలవులు తీసుకునేది ప్రింటరే.

ఆ ఏడు మా కంపెనీ ఎర్రబడింది. సిగ్గుతో కాదు, నితాకత్‌తో. సౌదీ ఉద్యోగులు సరిపడా ఉన్న కంపెనీకి ప్రభుత్వం ఆకుపచ్చ రంగు ఇస్తుంది, లేనిదానికి ఎరుపు. ఎరుపులో పడ్డ కంపెనీలో ఎవరి ఇఖామా, అంటే నివాస కార్డు, రెన్యూ కాదు. గడువు తీరేలోపు ఏదో ఒక పచ్చ కంపెనీ నకల్ కఫాలా చేసుకోవాలి, అంటే మనిషిని తన పేరు మీదికి మార్చుకోవాలి. లేదంటే ఫైనల్ ఎగ్జిట్, సామాను సర్దుకోవడమే. పైపెచ్చు ప్రతి తలకూ లెవీ, భార్యాపిల్లల తలలకు వేరే లెవీ. తలలున్నందుకు మనుషులు విచారించిన కాలం అది.

అందరికీ రెజ్యూమేలు తయారు చేయడం నా పని. ఈ విద్యలో నన్ను మించినవాడు ఎర్రసముద్రానికి ఈ గట్టున లేడు. టీ కాసే సుబ్బారెడ్డి నా చేతిలో 'బెవరేజ్ ఆపరేషన్స్ ఇన్‌ఛార్జి' అయ్యాడు. జగిత్యాల ప్లంబర్ మల్లన్నను 'వాటర్ సిస్టమ్స్ స్పెషలిస్ట్' చేసి ఇంటర్వ్యూకు పంపితే మూడో రోజు తిరిగొచ్చాడు.

"రాజన్నా, ఏం రాసినవే? నా ముంగట చాపంత నక్ష పరిచి, పంపు ఏడ పెట్టాల్నో చెప్పుమన్నరు."

"నువ్వేమన్నవ్?"

"పానా ఇయ్యుమన్న. బయటికి తోలిండ్రు."

అయినా నాకు బుద్ధి రాలేదు.

తర్వాతి వారం ఉస్తాజ్ వచ్చారు. వాళ్ల దేశంలో వకీళ్లను అలా పిలుస్తారట. దేశం పేరు చెప్పను, సముద్రం అవతలి గట్టు. పదకొండేళ్లుగా మా కంపెనీకి అరబ్బీ ఉత్తరాలు రాసేది ఆయనే. ఆయన రాసిన అర్జీ చదివితే, జరిమానా వేయడానికి వచ్చినవాడు కూడా మనకు అత్తరు పూసి వెళ్లేంత తీయటి భాష.

"కార్డుకు ఇంకా ఇరవై ఆరు రోజులుంది రాజూ. ఎగ్జిట్ మీద పోయి మా ఎయిర్‌పోర్టులో దిగితే, నన్ను తీసుకుపోవడానికి బండి వస్తుంది. మా ఇంటి బండి కాదు."

వివరాలు టైపు చేస్తున్నా. ఇరవై ఏళ్లు కోర్టులో ప్రాక్టీసు. తర్వాత పద్నాలుగు నెలలు ఏమీ లేదు. ఆ తర్వాత సౌదీ.

"ఈ పద్నాలుగు నెలలు?"

"వదిలెయ్."

"జైలా ఉస్తాజ్?"

"అంతకంటే చెడ్డది. మిలిటరీ సర్కారులో న్యాయశాఖ మంత్రి పదవి."

మా వైపు వార్డు మెంబరుగా ఓడిపోయినవాడు కూడా పెళ్లి కార్డు మీద పేరు పక్కన ఆ పోటీ సంగతి అచ్చు వేయించుకుంటాడు. మాజీ సర్పంచ్ బండి నంబర్ ప్లేటు మీద నంబరుకు చోటుండదు. ఇక్కడ సాక్షాత్తు మిలిటరీ ప్రభుత్వంలో న్యాయశాఖ మంత్రి నా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, వదిలెయ్ అంటున్నాడు! వినయం అనుకున్నా. ఆయన వెళ్లాక, మొదటి లైన్లోనే లావు అక్షరాలతో 'మాజీ మంత్రి' అని కొట్టి, ఉత్తరాల క్లర్కు కావాలన్న అల్ ఖోబర్ కాంట్రాక్టర్‌కు పంపేశా.

ఆయన బస్సులో నాలుగు వందల కిలోమీటర్లు పోయి వచ్చారు. వెనకే ఆ కంపెనీ మేనేజర్ ఫోను. "ఉత్తరాలు రాసే మనిషిని అడిగితే మంత్రిని పంపావు. ఫైలు తెమ్మని ఆయనకు నేనెలా చెప్పేది? రేపు ఆయన గురించి ఎవరైనా ఆరా తీస్తే జవాబెవరు చెప్పేది?"

కార్డుకు తొమ్మిది రోజులు మిగిలాయి. ఉస్తాజ్ తిడతారేమోనని చూశా. ఆయన బస్సు టికెట్టును మడిచి జేబులో పెట్టుకున్నారు.

"తప్పయింది ఉస్తాజ్. మీ పరువు పెరుగుతుందనుకున్నా."

"సైనికులకు తుపాకులుంటాయి రాజూ, వాక్యాలుండవు. వాక్యాల కోసం నన్ను పిలిచారు. లోపల ఉంటే నలుగురు మిత్రులనైనా కాపాడొచ్చని వెళ్లాను. నా ముందుకొచ్చిన మొదటి ఫైలు, సర్కారు అనుమతి లేకుండా ఎవరూ దేశం దాటకూడదని. భాష నాదే. చాలా బాగా రాశాను. ఆ నలుగురూ దాటలేకపోయారు."

"తర్వాత?"

"ఆ సైనికుల్ని వేరే సైనికులు దించారు. అప్పుడు నేను దాటాను. సెలవు మీద ఎక్కడికైనా పోవాలంటే నీ టేబుల్ దగ్గరికొచ్చి, సౌదీ దాటడానికి ఎగ్జిట్ కాగితం అడుగుతాను కదా, ప్రతిసారీ నా వాక్యమే నాకు ఎదురొస్తుంది."

"అందుకే వద్దన్నారా?"

"ఆ కాగితం పైన ఏమని రాశావు? అనుభవం అని. దాని కింద రాస్తే అది అర్హత అయిపోతుంది."

పాత రెజ్యూమే చించేశా. కొత్తది అర పేజీ వచ్చింది. వకీలు, ఖాళీ, క్లర్కు. ఆ ఖాళీని నింపడానికి నా వేళ్లు ఎంత దురద పెట్టాయో నాకే తెలుసు. బురైదాలో ఖర్జూరాలు ప్యాక్ చేసే ఒక కంపెనీకి పంపా. రెండు రోజుల తర్వాత ఉస్తాజ్ ఫోను.

"ముసలి యజమాని ఆ ఖాళీ మీద వేలు పెట్టి, అప్పుడేం చేశావన్నాడు. రాయకూడనివి రాశాను అన్నాను. అయితే ఖర్జూరం పెట్టెల మీద రాస్తావా అన్నాడు."

ఇంకా రెండు రోజులుందనగా ఆయన నకల్ అయింది. వెళ్లేముందు నా కోసం చివరి అర్జీ ఒకటి రాసిచ్చారు, మా ప్రింటరు మార్చమని. కంపెనీ వెంటనే మార్చింది. అదీ ఆ భాష బలం.

అప్పటినుంచి నా ముందు ఎవరు కూర్చున్నా, ఏం రాయమంటావని అడగడం మానేశా. ఏం వదిలెయ్యమంటావని అడుగుతా. మల్లన్నకు మళ్లీ రాశా: ప్లంబర్, పద్దెనిమిదేళ్లు, బిగించిన పైపు కారదు.

"గంతేనానే? జర పెంచరాదు!"

"పెంచ."

అలిగి పోయాడు. వారంలో పని దొరికింది, వాళ్లకు ప్లంబరే కావాలట.

మరుసటేడు నా కార్డు వంతు వచ్చింది. నా రెజ్యూమే నేనే టైపు చేసుకున్నా. క్లర్కు, పందొమ్మిదేళ్లు. రెండో లైను కోసం మధ్యాహ్నం దాకా కూర్చున్నా. నిజమైనదేదీ తట్టలేదు. ఆ ఒక్క లైనే ప్రింటు తీశా.