కోపమే ఎరుగని తల్లి అట!

నిన్న సంస్మరణ సభలో హారతి కర్పూరం పొగ తగిలి కళ్ళు మండుతుండగా మైకులో ఆ మాట విన్నాను. "వరలక్ష్మిగారు కోపమన్నదే ఎరుగని తల్లండి" అన్నారు సభాధ్యక్షులు. అప్పుడు ఒళ్ళు కూడా మండింది. ఆవిడ పోయి నెల తిరగలేదు, అప్పుడే మనిషిని మార్చేశారు.

పాలకొల్లు బజారులో కిరాణా కొట్టు వారిది. సాయంత్రాలు కొట్టు వెనక వరండాలో ఆవిడ శ్లోకాలు నేర్పేవారు. మా అమ్మ చేపలమ్మేది. నేను చింతపండుతో చేతులు తోముకుని మరీ వెళ్ళేదాన్ని. చివర్లో అందరికీ తీర్థం ఇచ్చే పని ఆవిడ నాకే అప్పజెప్పారు. ఓ కార్తీక సోమవారం ఒకామె నా చేతి తీర్థం పట్టి, తాగినట్టు నటించి, కొంగుకు తుడిచేసుకుంది. నేను చూడనట్టే ముందుకు జరిగాను. వరలక్ష్మిగారు ఊరుకోలేదు.

"తీర్థం కొంగుకి తుడిచావేంటమ్మా?"

"అబ్బే, కాస్త ఎక్కువైందండి."

"ఈ చుక్క నీళ్ళే గొంతు దిగనప్పుడు ఇన్ని శ్లోకాలు నీకెందుకు? మళ్ళీ పట్టు చెయ్యి. తాగు. లేదా లేచి వెళ్ళు."

కొట్టు ముందు బేరాలవాళ్ళకు కూడా వినిపించింది ఆ గొంతు. ఆమె తాగింది.

అందరూ వెళ్ళాక, "కోపం శత్రువని మీరే చెప్పారు కదండీ?" అని అడిగాను.

"నన్నేదో అన్నారని నాకొచ్చే కోపం శత్రువే. పక్కమనిషిని నీచంగా చూస్తుంటే కళ్ళప్పగించి కూర్చుని, అదే శాంతం అనుకోకే నూకరత్నం. దాన్ని భయం అంటారు. కాకపోతే తెల్లారేసరికి మనసులో ఏదీ మిగల్చకూడదు."

మర్నాడు ఆమెను తానే పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, తలలో పూలు తురిమారు. నాకది అస్సలు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు.

ఆవిడ ఉన్నన్నాళ్ళూ మా చేపలపేట పిల్లలు ఆ వరండాలో అందరితో కలిసే కూర్చున్నారు. నిన్న ఆవిడ కొడుకు నవ్వుతూ మైకు అందుకున్నాడు. "అమ్మ క్లాసు ఆగదండి. చేపలపేట పిల్లలకి మాత్రం వాళ్ళ పేటలోనే వేరేగా పెడదాం. వాళ్ళకీ సౌకర్యంగా ఉంటుంది" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ళూ ఆవిడ ఎదుట కూర్చుని ధర్మం నేర్చుకున్నవాళ్ళే కొట్టారు! దేవుడి పేరు చెప్పి మనుషుల్ని గెంటడానికి ఎంత మర్యాదైన మాటలో.

లేచాను. "ఎవరి సౌకర్యం బాబూ? మా పిల్లలు నిన్నడిగారా? రేపు సాయంత్రం వాళ్ళని ఆ వరండాకే తీసుకొస్తాను. ముందు వరసలో కూర్చుంటారు."

"శాంతంగా మాట్లాడండి అక్కా, అమ్మ ఫోటో ముందు..."

"ఫోటో కాబట్టి బతికిపోయావు. మీ అమ్మే ఉంటే నీ చెవి మెలేసేవారు" అని వచ్చేశాను.

ఆవిడైతే తెల్లారాక ఆ అబ్బాయిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవారు. ఆ సగం పాఠం నాకింకా పట్టుబడలేదు. తెల్లవారింది, కోపం పోలేదు. ఆ కోపంతోనే ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పోగేస్తున్నాను.