ఎర్రిస్వామి కోసిన చైను ముక్క

మీరే చెప్పండి, బిగుతుగా ఉన్న చైనును చూసి ఎవరైనా తప్పు పడతారా? బుక్కరాయసముద్రంలో సైకిళ్లు బాగుచేసే ఎర్రిస్వామికి చిన్నప్పుడే పట్టుబడిన పాఠం అది. వాళ్ల నాయన చైనును వేలితో ఎత్తి చూసేవాడు. కాస్త ఎక్కువ లేచిందంటే సుత్తి విసిరేసేవాడు. చైను వేలాడితే మెకానిక్కు పరువు పోయినట్టే. ఆ పాఠమే రెండు వేల మూడులో కొంప ముంచింది.

కృపాకుమారి ఒక సంస్థలో హెల్త్ వర్కరు. దేశం విడిచి వెళ్తూ ఒక విదేశీ నర్సు తన గేర్ల సైకిలును ఆమెకిచ్చింది. తారురోడ్డు మీదా, గులకరాళ్ల బాటలోనూ ఒకేలా పోయే బండి. వెనక చక్రానికి ఆరు గేర్లు. అయినా గుట్ట మీదున్న ఎర్రగుట్టపల్లికి పోయే ఎత్తు దగ్గర అవి చాలేవి కావు. ఆ ఊరికి బస్సు లేదు. ఆమె మోకాలు అరిగిపోయింది. గుట్ట ఎక్కలేకపోతే ఆ పల్లెకు ఇంకొకరిని వేస్తామని ఆఫీసులో చెప్పేశారు. ఆ పల్లెలో సగం మంది పిల్లలు ఆమె చేతుల మీద పుట్టినవాళ్లే.

"ఎర్రిస్వామీ, ఇంగ రెండు గేర్లు ఎక్కిచ్చేకి అయితాదా?" అని వచ్చిందామె.

"ఎందుకు కాదక్కా? బెంగళూరు నుంచి సామాను తెప్పిస్తా. గుట్ట కాదు, గోడైనా ఎక్కుతావు!"

సామాను వచ్చింది. ఎనిమిది గేర్ల పళ్ల చక్రాలు, సన్నటి కొత్త చైను. అన్నిటికంటే పెద్ద చక్రం అన్నం తినే గిన్నెంత ఉంది. వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కును కాస్త వెడల్పు చేసి అంతా బిగించాడు. చైను చిన్న చక్రం మీద వేసేసరికి అది కిందికి జారి వేలాడింది. ఎదురు టీ అంగడి ఈశ్వరప్ప చూడనే చూశాడు.

"ఏమప్పా, చైను ముసలెద్దు గంగడోలు మాదిరి ఊగుతాండాదే! మీ నాయన చూసింటే కొట్టునే మూసేస్తాండె!"

అంగడి ముందున్న నలుగురూ నవ్వారు. ఎర్రిస్వామి చెవులు ఎర్రబడ్డాయి. చైనులో ఒక ముక్క కోసేశాడు. ఇప్పుడు చైను తీగలా నిలిచింది. వీధిలో ఆ చివరికీ ఈ చివరికీ తొక్కి చూశాడు. చిన్న చక్రాల గేర్లలో సుతారంగా పోయింది. సమంగా ఉన్న నేల మీద, ఎత్తులెక్కే పెద్ద చక్రం గేరు ఎవరు వేస్తారు?

మరునాడు ఆమె గుట్టకు బయలుదేరితే, తన పనితనం చూసుకోవాలని అతనూ వెంట నడిచాడు. ఎత్తు మొదలైంది. ఆమె ఒక గేరు మార్చింది, ఇంకోటి మార్చింది. "అబ్బా, మోకాలికి తెలుస్తానే లేదప్పా!" అంది నవ్వుతూ. ఎర్రిస్వామి ఛాతీ పొంగింది. ఆమె చైను పెద్ద చక్రం ఎక్కే ఆఖరి గేరు వేసింది.

టప్‌మని చప్పుడైంది. గేర్లు మార్చే ఇనుప చెయ్యి విరిగి చువ్వల్లోకి దూరింది. చక్రం ఆగిపోయింది. కృపాకుమారి రాళ్ల మీద పక్కకు పడింది. మణికట్టు వంకరగా తిరిగి ఉంది. ఎర్రిస్వామికి కాళ్లు కదల్లేదు. ఆమే అరిచింది: "నిలబడి చూస్తావేమప్పా, లేపు!"

ట్రాక్టరు ఒకటి వస్తే ఆమెనూ సైకిలునూ దాంట్లో ఆసుపత్రికి చేర్చాడు. చేతికి కట్టు కడుతున్నప్పుడు బయట కూర్చుని చైనును పెద్ద చక్రం చుట్టూ తిప్పి చూశాడు. అందలేదు. కోసిన ముక్క ఎంత ఉందో అంతే తక్కువైంది. లోపలికి పోయాడు.

"అక్కా, నేనే చైను కోసినా. వేలాడితే నగుతారని."

"నగితే నగనీ. నగినోళ్లు గుట్ట ఎక్కుతారా? నేను గదప్పా ఎక్కేది!"

ఆమె మళ్లీ అంది: "రేపు పిల్లోళ్లకు పోలియో చుక్కలు వేసేది ఉండాది. నువ్వు పోయి ఇంటింటికీ చెప్పు, బిడ్డల్ని ఎత్తుకొని గుట్ట కిందికి రమ్మని. ఒంటిచేత్తోనైనా వేస్తా. ఒక్క ఇల్లు వదలొద్దు."

ఎర్రిస్వామి ఉరుకుతూ గుట్ట ఎక్కాడు. మొదటి ఇల్లు బయమ్మది. చంకలో మనవరాలితో బయటికొచ్చింది.

"చుక్కలు సరేలే, అక్క యాడ?"

చెయ్యి విరిగి ఆసుపత్రిలో ఉందని చెప్పాడు. బయమ్మ గుండె బాదుకుంది. "అయ్యో, చెయ్యి ఇరిగిందా? ఇంగొకామెను పంపితే మేము తలుపే తీయం!" పక్కింటి మారెమ్మ పొయ్యి మీది సంగటి దించి వచ్చేసింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు తమ బిడ్డల్ని ఎత్తుకొని వచ్చారు.

"రేపమ్మా, రేపు!" అని అతను మొత్తుకుంటూనే ఉన్నాడు.

"రేపుదాకా ఎవరుంటారు? నడువు, ఆసుపత్రి యాడుండాదో చూపిచ్చు!" అని బయమ్మ అతని చొక్కా పట్టి లాగింది. వాళ్లతో పాటు అతనూ దిగిపోయాడు. ఒక్క ఇల్లు వదలొద్దని అక్క చెప్పినా, ఊరి పైపక్క ఇళ్లకు చుక్కల కబురు అందనే లేదు.