గోరంత సందు

రాయిని మిషన్‌తో కోస్తున్నప్పుడు లేచే వాసన ఎట్లా ఉంటుందంటే, తడిసిన సున్నాన్నీ, కాలిన వెంట్రుకనీ, దీపావళి తెల్లారి వీధినీ కలిపి ఎవరో మన ముక్కు కింద పెట్టినట్టుంటుంది. మొన్న మా నాంపల్లి ఫ్లాటు హాల్లో మేస్త్రీ టైలు కోస్తుంటే ఆ వాసన వచ్చింది. కుర్చీలో కూర్చోలేక లేచాను, నిలబడలేక తిరిగాను, తిరగలేక చివరికి వెళ్లి అతని పక్కనే గొంతుక్కూర్చున్నాను. చిన్నప్పుడు మంచం కింద దూరి, దుప్పటి కప్పుకుని, రెండు పలుగురాళ్లు టకటక కొట్టి, నిప్పురవ్వ ఆరగానే ముక్కు దగ్గర పెట్టుకుంటే సరిగ్గా ఇదే వాసన. ఆ రాళ్లు మా పెరటి బండ దగ్గర దొరికేవి.

ఇప్పుడు ఈ అపార్టుమెంటు సెల్లారున్న చోటే అప్పట్లో మా రేకుల ఇల్లూ, దాని వెనక, నీళ్లలో వీపు మాత్రం పైకి పెట్టిన బర్రెలాగా ఒక పెద్ద బండా ఉండేవి. ఎండాకాలం దాని మీద మిరపకాయలు ఎండేవి, వానాకాలం దాని గుంటల్లో నీళ్లు నిలిచి తూనీగలు చేరేవి, చలికాలం మధ్యాహ్నాలు దాని వెచ్చదనానికి వీపు ఆనించి పడుకుంటే నాంపల్లి స్టేషన్లో రైళ్ల కూత కూడా జోలపాటలాగే ఉండేది. క్రిస్మస్ ముందు నాయనమ్మ ఇనుప అచ్చు పిండిలో ముంచి, నూనెలో వదిలి, గులాబీ పువ్వులు వండి, తెల్లటి గుడ్డ పరిచి బండ మీదే ఆరబెట్టేది. కాకులకు కాపలా నేను. కాపలా కూలీ ఎంతో నేనే నిర్ణయించుకుని, అక్కడికక్కడే తినేసేదాన్ని.

ఆ బండ పెరుగుతోందని గల్లీ పిల్లలందరికీ చెప్పింది నేనే. రుజువు కావాలన్నారు. బండ మొదట్లో, మట్టి అంచున పలుగురాయితో ఒక గీత గీశాను. రెండు పెద్ద వానలు పడేసరికి మట్టి కొట్టుకుపోయి గీత జానెడు పైకి కనిపించింది. పిల్లలు నోళ్లు తెరిచారు. పెద్దయ్యాక అది స్టేషన్ కప్పు కంటే ఎత్తవుతుందనీ, అప్పుడు టికెట్ లేకుండా దాని మీద నుంచి రైళ్ల మీదికి దూకవచ్చనీ కూడా చెప్పాను.

ఆ సంవత్సరమే ఆబిడ్స్‌లోని మా బడిలో జాగ్రఫీ టీచరమ్మ, మన ఊరి బండలన్నీ ఒకప్పుడు భూమి లోపల కరిగి మరిగిన ముద్దలేననీ, ఎక్కడో లోతున మెల్లగా చల్లారాయనీ, లోపలి కదలికలు నేలను పైకి నెడుతుంటే, పైనున్న మట్టీ రాయీ గాలికీ వానకూ అరిగిపోతుంటే, యుగాల తరవాత అవి ఆకాశాన్ని చూశాయనీ చెప్పింది. అంటే నేను అబద్ధం ఆడకముందే అది నిజమై కూర్చుంది. కోతలు కోసేవాళ్లకు ఇంతకన్నా అవమానం ఉండదు. ఆమె అక్కడితో ఆగక బల్ల మీద రెండు నోటుపుస్తకాలు ఎదురెదురుగా పెట్టి నెట్టింది. మధ్యలో కాగితాలు గుడారంలాగా లేచాయి. మన దేశం అనే బండ దక్షిణం నుంచి జరుగుతూ వచ్చి ఆసియాను గుద్దుకుంటే హిమాలయాలు ఇట్లాగే లేచాయట. ఇంకా నెడుతూనే ఉందట, ఏడాదికి మన గోళ్లు పెరిగేంత.

ఆ రోజు నుంచి నాకు కాలు నిలవలేదు. గూడ్సు బండి పోయి గూట్లో స్టీలు గ్లాసులు గలగలలాడితే చాలు, ఆసియా వచ్చిందని అరిచేదాన్ని. ఎవరింటికి పోయినా ముందు మడమతో నేలను తట్టి చూసే అలవాటు అప్పుడు పట్టుకున్నదే, ఇప్పటికీ వదల్లేదు.

నాయనమ్మకు మాత్రం కదిలేవన్నా, సందులన్నా పడదు. మెదక్ దగ్గర పల్లె నుంచి వచ్చిన మనిషి, పట్నంలో ఏ సందులోంచి ఏం దూరుతుందోనని ఆమెకు ఫికర్. తలుపు కింద పాత చీర కుక్కేది, కిటికీ రెక్కల మధ్య కాగితాలు దోపేది. నా జడ ఎంత బిగించి అల్లేదంటే, బడికి పోయే దారి పొడుగునా నా కనుబొమలు నుదుటి మీదే ఉండేవి.

చిన్నాయన ఆమెకు తగ్గ కొడుకు. ఆబిడ్స్‌లో ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చే పని. అక్షరాలన్నీ ఇనుప చట్రంలో పెట్టి, వెంట్రుక దూరకుండా బిగిస్తేనే పేజీ నిలిచేది, వదులైతే మొత్తం జారి కింద పడేది. ఆయనకు మెదక్‌లో ఒక సంబంధం కుదిరినట్టే కుదిరింది. అమ్మాయిని చర్చిలో చూసినప్పటి నుంచి అన్నం ముందు కూర్చుని పాటలు గొణుగుతుండేవాడు. ఇక మిగిలింది ఇల్లు చూసుడు ఒక్కటే. మా వైపు ఆడపిల్లవాళ్లు వచ్చి ఇల్లు చూస్తారు. నచ్చితే చాయ్ తాగుతారు, నచ్చకపోతే ఇప్పుడే తాగి వచ్చినం అంటారు. అంతకుముందు ఒక సంబంధంవాళ్లు మా మట్టినేల చూసి, అట్లాగే, ఇప్పుడే తాగి వచ్చారు.

అందుకని చిన్నాయన జనవరి చలిలో, ఎగ్జిబిషన్ గ్రౌండ్ నుంచి రంగులరాట్నం పాటలు వినపడుతుండగా, ముందు గదిలో షాబాద్ బండలు తన చేత్తో పరిచాడు. చీమలొస్తాయి, సందు విడవొద్దని నాయనమ్మ నెత్తి మీద నిలబడింది. ఆయన అక్షరాలు బిగించినట్టే బండల్ని బిగించాడు. సూది కాదు, సూది నీడ కూడా దూరదని వచ్చిన ప్రతివాడికీ చూపించేవాడు.

మెదక్‌వాళ్లు మే నెలలో, మిట్టమధ్యాహ్నం వచ్చారు. అమ్మాయి తండ్రి, ఆమె మేనత్త. మాట్లాడేది తండ్రే అయినా తేల్చేది మేనత్తేనని ఆమె కూర్చున్న తీరులోనే తెలిసింది. రేకుల కింద గది పెనంలాగా కాలుతోంది. వాళ్లు బండనూ, బావినీ, వంటింటినీ చూశారు, నేల బాగుందన్నారు. చాయ్ వచ్చింది. మేనత్త కప్పు అందుకుంది గానీ ఇంకా నోటికి ఆనించలేదు. చిన్నాయన ఆ కప్పునే చూస్తున్నాడు, నేను చిన్నాయననే చూస్తున్నాను.

అప్పుడు గది మధ్యలో ధన్‌మని మోత. రెండు బండలు ఒకదాన్నొకటి నెట్టుకుని గుడారంలాగా లేచి నిలబడ్డాయి. ఎంత ఎత్తంటే, చెప్పిన ప్రతిసారీ కొంచెం పెరుగుతూ ఇప్పటికి నా మోకాలి దాకా వచ్చింది. అచ్చులో పడేది కాబట్టి ఇక్కడికి జానెడని రాస్తున్నాను. తండ్రి కుర్చీ ఒరిగింది. ఆయన భూకంపమనుకుని పెరట్లోకి పరుగెత్తాడు. చిన్నాయన ముఖం మాసిన బట్టలాగా అయింది. హిమాలయాలు, అన్నాను నేను. ఎవరూ వినలేదు.

మేనత్త కదల్లేదు. కప్పు పక్కన పెట్టి, వంగి, లేచిన బండల అంచులను వేలితో తడిమింది.

"ఎవలు పరిచిన్రు?"

"నేనే," అన్నాడు చిన్నాయన.

"సందు ఇడువలేదా? ఎండకు రాయి పెరుగుతది గద."

చిన్నాయన తల్లి వైపు చూడబోయి ఆగి, నేలచూపులు చూశాడు. ఆ చూపు మేనత్తకు అందింది. నాయనమ్మ వైపు తిరిగింది, గొంతు పెంచలేదు.

"వదినె, బండలకే ఊపిరాడకపాయె. మా పిల్ల మనిషి. దానికి జర జాగ ఇడుస్తవా?"

చాయ్ మీద మీగడ కడుతోంది. తలుపు కింద కుక్కిన చీరనూ, కిటికీలో కాగితాలనూ, బిగిసిన నా జడనూ నాయనమ్మ ఒకదాని తరవాత ఒకటి చూసింది, కొత్తగా చూస్తున్నట్టు. కొడుకు వైపు తిరిగింది.

"రేపు బండలు లేపి మల్ల పరువు. గోరంత సందిడువు."

మేనత్త కప్పు తీసుకుని, మీగడ పక్కకు ఊది, చల్లారిన చాయ్ అడుగు దాకా తాగింది.

అట్లా వచ్చింది మా చిన్నమ్మ. ఆమె పొద్దున్నే తయారై బడికి పాఠాలు చెప్పడానికి పోతుంటే, ఎప్పుడొస్తవని అడగబోయి, నాయనమ్మ నేల మీద సందు చూసి నోరు మూసుకునేది. ఎప్పుడూ మూసుకుందని అంటే అది నా కోతే అవుతుంది, ఎక్కువసార్లు మూసుకుంది. ఆ సందుల్లో చింతగింజలూ, పిన్నీసులూ, గులాబీ పువ్వుల పొడీ చేరేవి, చీమలు కూడా వచ్చాయి. ఎవరూ చచ్చిపోలేదు.

ఈ అపార్టుమెంటు కోసం పెరటి బండను పగలగొట్టినప్పుడు నేను వేరే ఊళ్లో ఉన్నాను. ముక్కలు లారీల్లో పోయాయి, ఎక్కడి పునాదుల్లో ఉన్నాయో తెలియదు. ప్రెస్సు లేదు, సీసపు అక్షరాలు లేవు, చిన్నాయన లేడు, గల్లీలో ఇంటికీ ఇంటికీ మధ్య పిల్లి దూరే సందు లేదు. ఈ ఎండాకాలం మా హాల్లో అద్దాల్లాంటి టైల్స్ ధన్‌మని లేచినప్పుడు పక్క ఫ్లాటువాళ్లు భయపడి మెట్ల మీదికి పరుగెత్తారు గానీ, నాకు మాత్రం చిన్ననాటి చుట్టం తలుపు తట్టినట్టనిపించింది.

కోయడం అయ్యాక మేస్త్రీ మిషన్ ఆపి అడిగాడు. "మేడం, దగ్గరికి బిగించాల్నా? సందుంటే మురికి చేరతది."

హిమాలయాల నుంచి మొదలుపెడదామని నేను నోరు తెరిచాను. దివాన్ మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న చిన్నమ్మ తల కూడా ఎత్తలేదు.

"గోరంత ఇడువు బిడ్డా."

మేస్త్రీ సిమెంటంటిన తన బొటనవేలి గోరును ఒకసారి చూసుకుని, టైలు అంచుకు ఆనించాడు.