బ్యూరెట్టు కడగడం నేర్పిన బావ

బావ పోయాడని నాతవరం నుంచి అక్క ఫోన్ చేసిన పొద్దున మా ఇల్లు పండగలా ఉంది. ఐదున్నరయింది. మా ఆవిడ పులిహోర కలుపుతోంది. మా అమ్మాయి సర్టిఫికెట్లు మూడోసారి వరసగా పెట్టుకుంటోంది. ఆరూ నలభైకి హైవే మీదికి కంపెనీ బస్సు వస్తుంది. పిల్ల ఉద్యోగంలో అదే మొదటి రోజు.

"తమ్ముడూ, మీ బావ ఎల్లిపోయేడు," అంది అక్క. మళ్ళీ తనే అడిగింది. "పాప డూటీలో సేరేది ఈయేలే కదా?"

ఫోన్ చెవికి పెట్టుకునే పెరట్లోకి నడిచాను.

బావ నాకు రక్తసంబంధం కాదు. అనకాపల్లిలో మా ఎదురింటి మనిషి. నేను బావా అని పిలిచాను, ఆయన బావా అని పలికాడు, ఇరవై ఏళ్ళు అలా గడిచిపోయాయి. ఆయన భార్య నాకు అక్క అయింది, మా అమ్మాయికి ఆయన మామయ్య అయ్యాడు. జూనియర్ కాలేజీ ల్యాబులో ముప్పై ఏళ్ళు అటెండరు. పిల్లలు ప్రయోగాలు చేసి వెళ్ళిపోయాక గాజు సామానంతా కడిగి బోర్లించడం ఆయన పని. ఆయన్ని ఎవరూ మాస్టారూ అని పిలవలేదు. ఇప్పుడు నేను పిలవాలనుకుంటున్నాను, పలకడానికి ఆయన లేడు.

మా ఇంట్లో టీ తాగితే తన గ్లాసు తనే కడిగేవాడు. కడిగి, వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసేవాడు. "మా ఇంట్లో గిన్నెలు తోమరనుకుంటన్నాడేటి మీ బావ?" అని మా ఆవిడ మూతి తిప్పేది. ఆయన నవ్వి, మా అమ్మాయిని పిలిచి చూపించేవాడు. "నీళ్ళు సుక్కలు సుక్కలుగా నిలబడ్డాయనుకో, ఇంకా జిడ్డున్నట్టే. మంచుపొరలాగ ఒక్కలాగ జారిపోతే అప్పుడు శుభ్రం. గాజు అబద్దమాడదమ్మా." అప్పటికి దానికి ఎనిమిదేళ్ళు ఉంటాయేమో.

నాకు నలభై ఐదేళ్ళు దాటాక పుట్టిన పిల్ల అది. నేను ఏడో తరగతితో ఆపి బెల్లం పొయ్యి దగ్గర చేరినవాణ్ణి. పాకం ఎప్పుడు దించాలో కంటితో చెప్పేస్తాను గానీ పిల్ల చదువు విషయంలో నా కన్ను ఎందుకూ పనికిరాలేదు. అది ఒప్పుకోకుండా బావ గురించి రాయలేను.

ఇంటరయ్యాక డిగ్రీ సీటుకి కంప్యూటర్లో ఆప్షన్లు పెట్టాలన్నారు. ఆ రోజు పిల్లకి జ్వరం. తనకి కావలసినవి కాగితం మీద వరసగా రాసిచ్చింది. మొదటిది విశాఖపట్నంలో కంప్యూటర్ కోర్సు. నేను నెట్ సెంటరుకి వెళ్ళాను. ఓటీపీ వచ్చేది నా ఫోనుకే. అక్కడ కూర్చున్నాక ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. హాస్టలు, ఊరుకాని ఊరు, ఒక్కగానొక్క ఆడపిల్ల. షేర్ ఆటో దొరికే రోడ్డు మీదున్న కాలేజీలు ముందు పెట్టించాను, దూరానివి కిందకి దింపించాను. అన్నీ ఉన్నాయి కదా, వరస మారితే ఏమవుతుందిలే అనుకున్నాను. దగ్గర కాలేజీలో కెమిస్ట్రీ వచ్చింది. మొదట పెట్టినది వస్తే ఇక కింద ఉన్నవి చూడరట.

పిల్ల ఏడవలేదు, అరవలేదు. పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. మార్చడానికి లేదన్నారు. నేను ఎవరి కాళ్ళు పట్టుకోవాలో కూడా తెలియనివాణ్ణి. పోయి బావ అరుగు మీద కూర్చున్నాను.

"ఓరి బావా, దాన్ని సదువులో సేర్పించమంటే ఆటో ఎక్కించేసేవా?" అన్నాడు. తిట్టవలసినంతా తిట్టాడు. తర్వాత తువ్వాలు భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చాడు. "కెమిస్ట్రీయా? మంచిదే. మామయ్యకి అదొక్కటే వచ్చు. అదీ కడగడం వరకే. రా."

మూడేళ్ళు. మా అమ్మాయి చదివింది కాలేజీలోనే, కాదనను. కానీ చెయ్యి తిరిగింది మాత్రం బావ పెరట్లో కుళాయి కింద. ఎక్కడో పారేసిన, మూతి విరిగిన బ్యూరెట్టు ఒకటి ఆయన దగ్గర ఉండేది. ఒంటి నిండా గీతలుండే పొడవాటి గాజు గొట్టం, కింద చుక్కచుక్కగా కొలిచి వదిలే చిన్న కుళాయి. ముందు నీళ్ళతో కడగాలి, తర్వాత అందులో పొయ్యబోయే ద్రావణంతోనే ఒకసారి తొలిచి పారబొయ్యాలి. ఆ చుక్కలు పడడానికి కింద పెట్టే గాజు ఫ్లాస్కుని మాత్రం ఉత్త నీళ్ళతోనే కడగాలి. ఇది దానిచేత ఎన్నిసార్లు చేయించాడో. "కడగడం వచ్చినోడికే కొలవడం వత్తాది," అనేవాడు. ఒకసారి మాత్రం, "ముప్పయ్యేళ్ళు నాను కడిగేను. లెక్క రాసి సంతకం పెట్టినోళ్ళు ఏరేవోళ్ళు," అన్నాడు.

డిగ్రీ అయ్యాక ఇంటర్వ్యూలకి తయారు చెయ్యడం ఇంకో ముచ్చట. ఆఫీసరుగా నన్ను కూర్చోబెట్టాడు. ఇంగ్లీషు ప్రశ్నలు తెలుగు అక్షరాల్లో రాసిచ్చాడు. "టెల్ మీ అబౌట్ యువర్సెల్ఫ్" అని నేను బొంగురు గొంతుతో చదివితే పిల్ల నవ్వలేక చచ్చేది. అది ఇంగ్లీషులో చెప్పినదంతా మళ్ళీ నాకు తెలుగులో చెప్పాలని రూలు. "మీ నాన్నకి అర్థమైతే ఆపీసరుకీ అర్థమవుతాది. తెలీంది తెలీదని సెప్పు. అక్కడితో ఆగిపోకు, ఎలాగ తెలుసుకుంటావో అదీ సెప్పు." ఒకరోజు కాగితంలో లేని ప్రశ్న నేనే అడిగాను. "ఆ కంపెనీ దూరమా, దగ్గరా?"

"ఆపీసరుగారికి ఇంకా ఆటో పిచ్చి ఒగ్గలేదమ్మా," అన్నాడు బావ.

మందుల కంపెనీలో ఇంటర్వ్యూ రోజున ల్యాబులోకి తీసుకెళ్ళి బ్యూరెట్టు నింపమన్నారట. మా అమ్మాయి నీళ్ళతో కడిగింది, ద్రావణంతో తొలిచి పారబోసింది, అప్పుడు నింపింది. ఎందుకలా చేశావని అడిగారట. లోపల నీటి చెమ్మ మిగిలితే ద్రావణం పలచబడి లెక్క తప్పుతుంది, ఫ్లాస్కులో చెమ్మ ఉన్నా ఫరవాలేదు అని చెప్పింది. ఎవరు నేర్పారంటే, మా మామయ్య అంది. వాళ్ళు ఆయన్ని లెక్చరరు అనుకుని ఉంటారు.

ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు నా సంతోషం ఏమని చెప్పను. వీధిలో ప్రతి గడపకీ వెళ్ళి బెల్లం ముక్క పెట్టాను. తెలియని వాళ్ళ చేతిలో కూడా పెట్టాను. అందరికంటే ముందు పెట్టవలసిన మనిషి అప్పటికే ఊళ్ళో లేడు. ఆయాసం ఎక్కువై, నెల ముందే నాతవరంలో తమ్ముడి ఇంటికి వెళ్ళాడు. వెళ్ళే రోజు ఆటోలో కూర్చుని పిల్లతో అన్నాడు. "ఉద్యోగం వచ్చేక, మొదటి రోజు నీసేత ఏటి కడిగించేరో వచ్చి నాకు సెప్పాల."

"కడగడానికి అక్కడ వేరే మనుషులుంటారు మామయ్యా."

"ఉంటే ఉండనీ. సెప్పాల మరి."

కబురు ఫోనులో చెప్పి, ఆయన కోసం ఒక బెల్లం అచ్చు విడిగా కట్టి ఉంచాను. ఆదివారం పిల్లని వెంటబెట్టుకుని వెళ్దామనుకున్నాం. శుక్రవారం పొద్దునే ఫోనొచ్చింది.

పెరట్లో మా ఆవిడకి చెప్పాను. కొంగు నోట్లో కుక్కుకుంది. చెబితే పిల్ల బస్సెక్కదు, నాకు తెలుసు. ఆ తేదీన చేరకపోతే ఉద్యోగం ఇంకొకరికి ఇస్తామని ఉత్తరం అడుగున ఉంది, పిల్లే ఆ మాట చదివి చెప్పింది. చెప్పకపోతే ఆయన ముఖం మళ్ళీ చూడలేదు. ఎవరిని అడగను? ఇలాంటివి నేను అడిగేది బావనే.

చెప్పలేదు. హైవే దాకా బ్యాగు మోశాను. "ఏంటి నాన్నా, అలా ఉన్నావు?" అంటే, సంతోషం అన్నాను. అదీ అబద్ధం కాదు, అదే నా ఖర్మ. బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఆ చెయ్యే, బావ కుళాయి కింద తిప్పిన చెయ్యి.

అటునుంచి అటే నాతవరం వెళ్ళాను. పాడె మోశాను. ఆయనకని వెంట తీసుకెళ్ళిన బెల్లం సంచిలోనే ఉండిపోయింది.

సాయంత్రం పిల్ల మెడలో కార్డుతో పరుగులాంటి నడకతో వచ్చింది. "నాన్నా, బ్యూరెట్టే. కొత్తవాళ్ళందరిచేతా తలా ఒకటి కడిగించేరు. మామయ్యకి ఫోన్ కలుపు," అంటూ గుమ్మంలో ఆగిపోయింది. నా తల తడిగా ఉంది. తీగ మీద నా పంచె నీళ్ళు కారుతోంది.

"ఎప్పుడు?" అంది.

"పొద్దున్న ఐదున్నరకి ఫోనొచ్చింది."

"నేను బస్సెక్కక ముందా?"

"ముందే."

నా ముఖంలోకి చూసింది. "మళ్ళీ నువ్వే వరస మార్చేసేవు నాన్నా," అంది. గొంతు పెంచలేదు.

ఆ రోజు చెప్పకపోవడం తప్పో ఒప్పో, ఇది రాస్తున్న ఇప్పటికీ పిల్ల నాకు చెప్పలేదు. పదకొండు రోజులు మాట్లాడకపోయినా భరించేవాణ్ణి, మర్నాడు మామూలుగానే మాట్లాడింది.

ఆ సాయంత్రం మాత్రం బూట్లు విప్పకుండానే వంటింట్లోకి వెళ్ళి, గూట్లోంచి బావ టీ తాగే గాజుగ్లాసు తీసింది. పెరట్లో కుళాయి కింద కడిగింది. పొద్దు వాలుతోంది. గ్లాసుని ఆ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. అంచు దగ్గర రెండు చుక్కలు నిలిచాయి. మళ్ళీ కడిగింది. మళ్ళీ ఎత్తింది. ఈసారి నీళ్ళు ఎక్కడా ఆగకుండా, ఒక్క పొరలా, గాజు పొడుగునా నెమ్మదిగా దిగిపోయాయి. చివరిదాకా జారేవరకూ అది చెయ్యి దించలేదు.