కన్యకకు బలం వచ్చింది

మండపేటలో మెయిన్ రోడ్డు వెనక సందులో కింద కిరాణా కొట్టు, పైన ఇల్లు. ఆ ఇంటి కోడలు కన్యకకు నలభై నాలుగో ఏట నడుము పట్టేసింది. అత్తగారు నాగేశ్వరి తుంటి విరిగి, ఆపరేషనయ్యాక మంచం దిగనని భీష్మించుకుంది. పగలు ఎత్తడానికి సూరమ్మ అనే ఆవిడ వచ్చేది. మిగతా వేళల్లో కన్యకే ఎత్తాలి.

డాక్టరు కన్యక నడుము ఎక్స్‌రే చూసి, "ఎముక బాగానే ఉందమ్మా, కండే లేదు. ఎన్నాళ్లని మాత్రలు మింగుతారు? ఇంట్లోనే బలం వచ్చే వ్యాయామాలు చెయ్యండి," అన్నాడు.

వారం రోజులు వంటింట్లో ఫోన్ పెట్టుకుని వీడియోలు చూసింది. గెంతేవి పనికిరావు, కింద కొట్టు కప్పు అదిరిపోతుంది. డంబెల్స్ కొనిపెట్టమంటే భర్త ఉదయ్‌భాస్కర్, "పహిల్వాన్ అవుతావా ఏంటి?" అని నవ్వాడు. చివరికి నాలుగు ఎంచుకుని క్యాలెండరు వెనక రాసుకుంది. కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం. గోడకు చేతులానించి వంగి లేవడం. వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం. అయిదు కిలోల బియ్యం సంచిని నేల మీంచి గుండెల దాకా ఎత్తడం.

మూడోరోజు ఆమె నేల మీద పడుకుని నడుము ఎత్తుతుంటే భర్త గుమ్మంలోంచి వీడియో తీసి బంధువుల గ్రూపులో పెట్టాడు. అందరూ నవ్వు బొమ్మలు పంపారు. ఆమె సొంత తమ్ముడు సుమంత్ మూడు పంపాడు. మర్నాటి నుంచి తలుపు గడియ వేసుకుని చేసింది.

గడియ చప్పుడు వినగానే పక్క గదిలోంచి అత్తగారు అనేది: "ఒక్క కడుపు మోయలేని నడుముకి బియ్యం సంచులెందుకే?"

రెండుసార్లు గర్భం నిలవని మనిషి కన్యక. గడియ తియ్యకుండానే లెక్క పూర్తి చేసేది.

నాలుగు నెలలకు నొప్పి పోయింది. సంచి పది కిలోలదయింది. ఒకరోజు సూరమ్మ ఆలస్యమైతే, అత్తగారిని ఒక్కతే ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టింది. అది చూసిన ఉదయ్‌భాస్కర్ ఆ సాయంత్రమే సూరమ్మను రావద్దన్నాడు.

"నన్నడగలేదేంటండీ?" అంది కన్యక.

"అడగడానికేముంది? ఎద్దులా తయారయ్యావు. ఆమాత్రం నువ్వు ఎత్తలేవా?"

సూరమ్మ మెట్లు దిగుతూ, "మీకు బలమొచ్చి నా పొట్ట కొట్టారమ్మా," అంది.

మర్నాడు పొద్దున్నే కన్యక అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి, కాఫీ తెచ్చి అందనంత దూరంలో పెట్టింది.

"పదిసార్లు లేచి కూర్చోండి అత్తయ్యగారూ. కాఫీ ఇస్తాను."

"ఏంటే ఈ వేళాకోళం?"

"వేళాకోళం కాదండి. రోజూ లేపి నిలబెట్టమని డాక్టరుగారు మొన్న కూడా చెప్పారండి."

నాగేశ్వరి కుర్చీ చేతులు పట్టుకుని రెండుసార్లు లేచి కూలబడింది. కన్యక కాఫీ తీసుకెళ్లి సింకులో పోసింది. రెండోరోజూ అంతే. మూడోరోజు ఆరోసారి లేస్తుండగా ముసలావిడకు చీరలోనే మూత్రం అయిపోయింది. సిగ్గుతో ఏడ్చింది.

"ఇంకా నాలుగున్నాయండి," అంది కన్యక.

ఆ నాలుగూ అయ్యాకే చీర మార్చింది. వేన్నీళ్లతో ఒళ్లు తుడిచి, పౌడరు రాసి, వేడి వేడి కాఫీ చేతికిచ్చింది. ఒక్కనాడూ గొంతు పెంచలేదు, చెయ్యెత్తలేదు. ముసలావిడ ఏడుస్తున్నప్పుడు తన గుండెల్లో ఏదో చల్లగా దిగడం గమనించి మొదట్లో కన్యకే భయపడింది. తర్వాత అలవాటైపోయింది.

ఒకరోజు నాగేశ్వరి కొడుకును కేకేసింది. ఉదయ్‌భాస్కర్ కొట్టు వదిలి విసుగ్గా పైకొచ్చాడు.

"నన్ను చంపేస్తోందిరా!"

"నీ మంచికే కదమ్మా చేయిస్తోంది! చెప్పినట్టు చెయ్యి," అని దిగిపోయాడు.

కన్యక కుర్చీ సరిచేసి, మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టింది.

మరో అయిదు నెలలు తిరిగేసరికి నాగేశ్వరి వాకర్ పట్టుకుని బాత్రూముకు తనే వెళ్లింది. చూడవచ్చిన డాక్టరు ఆశ్చర్యపోయాడు. "మంచం దిగనన్న మనిషిని ఎలా నడిపించారమ్మా?"

నాగేశ్వరి కోడలి మొహం చూసి, తల దించుకుని, "ఓపిగ్గా చేయించిందండి," అంది.

ఆయన వెళ్లాక మెల్లిగా అడిగింది. "ఇంక చాలే కన్యకా. నడుస్తున్నాను కదా."

"అందుకేనండి. రేపట్నుంచి పదిహేను చేద్దాం."

నాగేశ్వరి ఆ తర్వాత రెండేళ్లు బతికింది. చివరి వారం దాకా తన కాళ్ల మీద తనే నడిచింది. వచ్చినవాళ్లంతా కోడలంటే ఇలా ఉండాలన్నారు. కన్యక గదిలో అడుగుపెడితే చాలు, ఎవరూ చెప్పకుండానే ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడేది.