సరిత చేత పెట్టించిన సాక్షి సంతకం

పన్నెండేళ్లుగా ఒక సంతకం నా గుండెల మీద కుంపటిలా ఉంది. సంతకం నాది కాదు, సరితది. పేరు మార్చి రాద్దామనుకున్నాను. మారిస్తే రెండోసారి దోచుకున్నట్టే అనిపించింది.

ఎం.టెక్‌లో మా ఇద్దరిదీ ఒకే ల్యాబ్ బల్ల, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే హాస్టల్ గది. డయాలసిస్ రోగి చేతికి కట్టే పట్టీ ఒకటి చేస్తున్నాం. సూది జారి రక్తం కారితే అది మోగాలి. మాది చెమట పట్టినా మోగేది. నెలల తరబడి తల పట్టుకున్నాను. మలక్‌పేట దవాఖానలో డయాలసిస్ చేయించుకునే తండ్రి మంచం పక్కన గంటలకొద్దీ కూర్చునే సరిత ఒకరోజు వచ్చి, చెమటైతే చేయంతా పడుతుంది, రక్తమైతే కిందికే కారుతుంది కదా అంది. సూదికి పైన ఒక తీగ, కింద ఒక తీగ కుట్టింది. రెండూ తడిస్తే ఊరుకోవాలి, కిందిదొక్కటే తడిస్తే మోగాలి. పట్టీ పనిచేసింది.

ల్యాబ్‌లో ఒక పద్ధతి ఉంది. ఆలోచన ఎవరిదో వాళ్లు నోట్‌బుక్‌లో రాసి సంతకం పెట్టాలి. ఆ పనితో సంబంధం లేనివాళ్లు సాక్షిగా పెట్టాలి. అంటే సాక్షికి ఆ ఆలోచనలో వాటా ఉండదు. మా ల్యాబ్ సార్ ఇది చెప్పిన రోజు సరిత దవాఖానలో ఉంది. నాకు మాత్రం బాగా తెలుసు. ఈ పట్టీ చూపించి ఉద్యోగం అడగబోయే కంపెనీ ఇంటర్వ్యూకి వారం ముందు ఆ పేజీ నేనే రాసి, సంతకం పెట్టి, ఆమె ముందుకు జరిపాను.

“సాక్షి అన్నచోట పెట్టవే.”

“ఏందే, నేను గూడ చేసిన గద. సాక్షినెట్లయిత?”

“ఊరికే, ఫార్మాలిటీ. ఎవరో ఒకరు పెట్టాలి.”

“సరే తియ్. నాయన ఎదురుచూస్తుంటడు, జల్ది పోవాలె.”

చదవకుండానే పెట్టేసింది.

పేటెంట్ దరఖాస్తులో కనిపెట్టినవారి గడిలో నా పేరొక్కటే ఉంది. తండ్రి పోయాక సరిత చదువు ఆపేసి, దిల్‌సుఖ్‌నగర్‌లోనే కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెబుతోందట. నేనుండేది ఎల్బీనగర్‌లో. మెట్రోలో మూడో స్టేషన్. ఎందుకు వెళ్లలేదు? భయమా? లేక తను ఎన్నటికీ నిలదీయదన్న ధీమానా? నిజం చెప్పాలంటే ధీమానే.

ఇప్పుడు కంపెనీ పనితో పాటు ఒక కాలేజీలో వారానికో క్లాసు చెబుతాను. సాక్షి సంతకం సంగతి మాత్రం అర్థమయ్యేదాకా రెండుసార్లు చెబుతాను. పిల్లలు నన్ను మంచి టీచరంటారు.

నాకు మళ్ళీ ఆ బల్ల కావాలి. సోల్డరింగ్ వాసనలో ఒకే డబ్బాలోంచి ఇద్దరం తిన్న పెరుగన్నం కావాలి. పట్టీ తప్పుగా మోగినప్పుడల్లా సరిత పొట్ట పట్టుకుని నవ్వేది, ఆ నవ్వు వినాలని ప్రాణం కొట్టుకుంటుంది. హోదా దొరికింది, క్యాబిన్ దొరికింది. పక్కన కూర్చుని నాతో కలిసి ఆలోచించే మనిషి ఇన్నేళ్లలో మళ్ళీ దొరకలేదు.

మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజనీరు అడిగింది, “మేడమ్, ఆ రెండు తీగల ఐడియా మీకెలా తట్టింది?” అని. నవ్వి ఊరుకున్నాను.

ఆమెకు చెప్పలేని జవాబు మీకు చెబుతున్నాను. నాకు తట్టలేదు. సరితకి తట్టింది. మీకు చెబితే సరితకి చెప్పినట్టు కాదని తెలుసు. అయినా ఊపిరి కాస్త ఆడుతోంది.