పోర్చుగల్ రాజూ, మా ఇన్నయ్య మాస్టారూ

సింగపూర్‌లో, పుంగ్గోల్‌లోని మా బ్లాకు కింద తినుబండారాల కొట్లో సాయంత్రం పూట సార్డిన్ పఫ్‌లు వేయిస్తారు. నూనెలో పిండి వేగే కమ్మటి వాసన, దాని వెనకే లోపలి చేపకూర ఘాటు, లిఫ్టు దాకా వస్తాయి. నిన్న ఆ వాసన ముక్కుకు తగిలినప్పుడు నా చేతిలో ఫోనుంది, ఫోనులో క్లయింటు పంపిన మెసేజి ఉంది. మేం తయారుచేస్తున్న యాప్‌లో "నా వివరాలు ఇతరులకు ఇవ్వడానికి ఒప్పుకుంటున్నాను" అనే గడి ఒకటుంటుంది. ఆ గడిలో ముందే టిక్కు పెట్టేసి, రేపు పొద్దున మీటింగు నాటికి సిద్ధంగా ఉంచమని ఆజ్ఞ. నాకు ఒళ్ళు మండింది. ఆ వెంటనే నవ్వు కూడా వచ్చింది. ఇదే వాసన వచ్చే కొట్టు ముందు నిలబడి, పఫ్‌ను రెండు చేతుల్లో అటూ ఇటూ మార్చుకుంటూ ఊదుకుంటూ, "ఇది మా పెద్రో ఊరి చేపమ్మా" అనే మనిషి గుర్తొచ్చాడు.

ఇన్నయ్య మాస్టారు నాకు బళ్ళో పాఠం చెప్పిన మాస్టారు కాదు. జురాంగ్ ఈస్ట్‌లో నేను చేరిన చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో మా టీం లీడరు. రెండువేల సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లన్నీ తారీఖులు మరిచిపోతాయని లోకం హడలి చస్తున్న రోజులవి. కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష వచ్చినవాడు కంటపడితే చాలు, విమానం ఎక్కించేవారు. అమీర్‌పేటలో కోర్సు చేసి బ్యాంకు గుమాస్తాలు, కెమిస్ట్రీ లెక్చరర్లు, మందుల కంపెనీ ఏజెంట్లు రాత్రికి రాత్రి ప్రోగ్రామర్లయిపోయారు. ఈయన గుంటూరు వైపు ఒక కాలేజీలో చరిత్ర చెప్పేవారు. గోవాలో పాత కాగితాల దుమ్ము పీల్చి, పోర్చుగల్‌ను ఒకప్పుడు ఏలిన ఐదో పెద్రో అనే రాజు మీద పీహెచ్‌డీ మొదలుపెట్టి, సగంలో ఆపేసి, నలభై దాటాక కోబాల్ నేర్చుకుని సింగపూర్ వచ్చారు. నాది ప్రొద్దుటూరు. ఇంజనీరింగ్ చదివినదాన్ని, రాజుల కథలు చెప్పే ఆయన కింద పని చేయాలా అని మొదట్లో మూతి విరిచాను. ఆయన పట్టించుకుంటేనా! వెనకాల అందరూ "పోర్చుగల్ మాస్టారు" అంటారని తెలుసు, ఆ పేరుతో పిలిస్తే పలికేవారు కూడా.

సాయంత్రం కాగానే మా టీం అంతా కింద తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కి దిగేవాళ్ళం. బల్ల మీద టిష్యూ పాకెట్ పెట్టి చోప్ చేసేస్తే ఇక ఆ బల్ల మనదే, ఎవరూ కూర్చోరు. మాస్టారు దాన్ని చూసి ప్రతిసారీ మురిసిపోయేవారు. "సింహాసనాలు కూడా ఇట్టా చోప్ చేసుకున్నయ్యేనమ్మా. మావాడికి రాణిగారైన వాళ్ళమ్మ పోవటంతో పదహారేళ్ళకే దొరికింది. రెండేళ్ళు వాళ్ళ నాన్న రాజ్యం చూశాడు, ఆ తర్వాత కుర్రాడి నెత్తిన పడింది." అలా పఫ్‌కు ఒక ముక్క చొప్పున రాజు జీవితమంతా మా చేత తినిపించారు. దేశంలో మొదటి రైలు వేయిస్తే, తిరుగు ప్రయాణంలో ఇంజను ఈడ్వలేక పెద్దమనుషులున్న పెట్టెల్ని దారిలోనే వదిలేసిందట. రాజభవనం బయట ఆకుపచ్చ రంగు పెట్టె పెట్టించి, ఎవరైనా ఫిర్యాదు రాసి వేయొచ్చని చెప్పి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకున్నాడట. రాజధానిలో ఎల్లో ఫీవర్ అనే పచ్చజ్వరం పడి కలిగినవాళ్ళంతా బండ్లు కట్టుకుని పారిపోతుంటే ఈయన ఊరు కదలకుండా ఆసుపత్రికి వెళ్ళి రోగుల మంచాల పక్కన కూర్చునేవాడట. పెళ్ళయిన ఏడాదికే భార్య పోయింది. ఇరవైనాలుగేళ్ళకు జ్వరంతో తనూ పోయాడు. "ఇంతేనా మాస్టారూ? యుద్ధాలేం గెలవలేదా?" అని నేను ఎగతాళిగా అడిగాను. "గెలిచినోళ్ళ గురించి చెప్పటానికి శానామంది ఉన్నార్లేమ్మా. నేను చదివింది ఓడినోడి గురించి" అన్నారు. ఏం ఓడాడో మాత్రం అప్పుడు చెప్పలేదు.

మా ప్రాజెక్టు ఓడలు మరమ్మతు చేసే ఒక యార్డుకు కూలీల డ్యూటీలు వేసే ప్రోగ్రాం. ప్రతి మనిషికీ ఒక వరస, ఆ వరసలో "ఆదివారం పనికి సమ్మతం" అనే గడి. అందులో వై అని ఉంటే, అంటే సరేనని ఉంటే, ఆదివారం అతన్ని పనికి వేసేస్తుంది. ఎన్ అని ఉంటే వదిలేస్తుంది. క్లయింటు ఇచ్చిన వివరాల్లో అందరికీ ముందే వై పెట్టమని ఉంది, పెట్టాను. అవసరమైనవాడు ఆఫీసుకొచ్చి మార్పించుకుంటాడు కదా అనుకున్నాను. మాస్టారు నా కోడ్ చూస్తూ ఆ లైను దగ్గర వేలు పెట్టి ఆగిపోయారు.

"ఏమ్మా, ఈ వై ఎవరు పెట్టారు?"

"స్పెక్కులో అట్లే ఉంది మాస్టారూ."

"స్పెక్కు సంగతి కాదు. వాళ్ళనడిగావా?"

"ఎవర్ని?"

"సమ్మతమని ఎవరి పేరు మీద రాశావో వాళ్ళని."

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. ఆ సాయంత్రమే నన్ను బస్సెక్కించి యార్డు గేటు దగ్గరకు తీసుకెళ్ళారు. డ్యూటీ దిగి హెల్మెట్లు చంకలో పెట్టుకుని వస్తున్నవాళ్ళలో తెలుగు మాట వినబడగానే ఆపేశారు. శ్రీకాకుళం వైపు నుంచి వర్క్ పర్మిట్ మీద వచ్చిన అప్పలనాయుడు అనే వెల్డరు, అతనితో మరో ఇద్దరు. ఆదివారం పనికి మీరు ఒప్పుకున్నారా అని నేనే అడిగాను.

"మమ్మల్నెవులడిగినారు మేడమ్? బోర్డు మీద పేరుంటాది, వస్తాం. అంతే" అన్నాడు అప్పలనాయుడు.

"వద్దని చెప్పొచ్చని తెలుసా?" అన్నారు మాస్టారు.

"వద్దనీసి చెప్పొచ్చా? అలాగని మాకు తెల్దే!" అతను పక్కవాళ్ళ వైపు తిరిగి ఆ మాట మళ్ళీ చెప్పాడు. వాళ్ళూ నోరు తెరిచారు. వారమంతా మంట ముందు కూర్చునే మనిషి ఆదివారం ఏం కోరుకుంటాడో అడిగినవాడు లేడు. నేను మాత్రం నా ఏసీ గదిలో కూర్చుని అతని బదులు సరేనని రాసేశాను.

తిరుగు బస్సులో మాస్టారు ఆ ఓటమి కథ చెప్పారు. మొజాంబిక్ తీరంలో పోర్చుగల్ అధికారులు ఒక ఫ్రెంచి ఓడను పట్టుకున్నారు. అందులో వందకు పైగా నల్లవాళ్ళున్నారు. వీళ్ళు బానిసలు కారు, ఇష్టపడి కాంట్రాక్టు మీద కూలికొస్తున్నారు, ఇవిగో కాగితాలు అన్నాడు కెప్టెన్. అధికారులు వాళ్ళనే అడిగారు. మేం ఇష్టపడి రాలేదు, బలవంతంగా ఎక్కించారని వాళ్ళు చెప్పారు. ఓడను పట్టి లిస్బన్‌కు తెచ్చారు. ఫ్రాన్సు కళ్ళెర్రజేసి యుద్ధనౌకలు పంపింది. ఆదుకుంటుందనుకున్న ఇంగ్లండు మొహం చాటేసింది. "మేం చేసింది న్యాయమో కాదో మూడోవాళ్ళెవరైనా తేల్చనీండి" అంది పోర్చుగల్. కుదరదంది ఫ్రాన్సు. ఓడనిచ్చేశారు, కెప్టెన్ని వదిలేశారు. అప్పుడు ఫ్రాన్సు, నష్టపరిహారం ఎంతో మధ్యవర్తితో తేల్చుకుందాం రమ్మంది.

"అప్పుడు పోర్చుగల్ వాళ్ళేమన్నారో తెలుసా? న్యాయం తేల్చమంటే కాదన్నారు, ఇప్పుడు అంకె తేల్చటానికి మధ్యవర్తి ఎందుకు? మీకెంత కావాలో మీరే రాసుకోండి, మేం బేరమాడం అన్నారు. మెడ మీద కత్తుంది, ఇచ్చారు. తప్పు మాదని మాత్రం రాసివ్వలా."

"మీ రాజు రాజ్యంలో బానిసలు లేరా మాస్టారూ?" అని నిలదీశాను. నాకు అందులో ఏదో లొసుగు దొరికిందని ఆనందం.

"ఉన్నారు. ఎందుకు లేరూ? ఆయనేం దేవుడు కాదు. మంత్రులు నడిపిన వ్యవహారమది, ఆయన లోపల కుతకుతలాడాడు. నేనేమన్నా గుడి కట్టమన్నానా? ఆ ఒక్క పని నేర్చుకోమంటున్నా."

మర్నాడు ఆయన ఆ గడి ఖాళీ చేయించారు. మనిషిని అడిగి నింపితే తప్ప ప్రోగ్రాం ముందుకు పోదు. క్లయింటు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. మా కంపెనీ యజమాని శ్రీధర్ గారిది హైదరాబాదు. మమ్మల్నందర్నీ ఇక్కడికి తెచ్చింది ఆయనే, ఇక్కడ పని చేయడానికిచ్చే మా పాసులన్నీ ఆయన కంపెనీ పేరు మీదే. ఆయన మా టీమంతటినీ గదిలోకి పిలిచారు.

"ఏంది మాస్టారూ ఇది? ఒక్క అక్షరం కోసం క్లయింట్‌ని పోగొట్టుకుంటమా? మీరు లెక్చరర్ కాదిప్పుడు."

"వాళ్ళని అడగాలా వద్దా? ఆ ఒక్కటీ చెప్పండి శ్రీధర్ గారూ."

"ఆ డిస్కషన్ వద్దు. అయిపోయింది. సరే, మీ మాట కూడా ఉంచుత. వెల్డర్లకు మాత్రం వై పెట్టుండ్రి, మిగిలినోళ్ళకు ఖాళీ వదిలెయ్యుండ్రి. మంచిగుంటది కదా?"

మాస్టారి మొహం జేవురించింది. ఆయన గొంతు పెంచడం నేను అదొక్కసారే విన్నాను. "అడగాలా వద్దా అంటే మాట్లాడనన్నారు. ఎంతమందిని అడక్కుండా ఉండాలో నన్ను తేల్చమంటున్నారు. ఆ బేరం నాతో పెట్టుకోవద్దు. ప్రోగ్రాం మీది, కంపెనీ మీది. ఎంతమందికి కావాలంటే అంతమందికి మీరే వేసుకోండి. నా చేత్తో రాయను, నా వాళ్ళచేత రాయించను."

శ్రీధర్ గారు ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగారు. "నువ్వు చెయ్యమ్మా. ఒక్క లైనే గద. టీం లీడర్ పోస్టు నీదే అనుకో." నాకు భయం వేసిన మాట నిజం. పాసు పోతే ఇంటికి పోవాల్సిందే, ఇంటికి పోతే మా పెదనాన్న చూసిపెట్టిన సంబంధం తాళిబొట్టుతో సహా సిద్ధంగా ఉంది. అయినా ఆ గేటు దగ్గర నోరు తెరిచిన ముగ్గురు మనుషులు కళ్ళ ముందు కదిలారు.

"నేను చెయ్యను సార్. కావాలంటే మీరే మార్చుకోండి."

"ఎవరు నేర్పిన్రు నీకిదంతా?"

"పోర్చుగల్ రాజు" అన్నాను.

ఎవరో కిసుక్కుమన్నారు. శ్రీధర్ గారు నవ్వలేదు. ఆ సాయంత్రం మరో కుర్రాడు ఆ ఒక్క అక్షరం టైపు చేశాడు, ప్రోగ్రాం క్లయింటుకు వెళ్ళిపోయింది. మా ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. నేనేదో వీరనారినని చెప్పుకోను. కోబాల్ వచ్చినవాళ్ళకు అప్పట్లో పనికి కొదవ లేదు, ధైర్యం చవగ్గా దొరికిన రోజులవి. పాసు రద్దయ్యాక దేశంలో ఉండనిచ్చే గడువు లోపలే క్లెమెంటి దగ్గర ఇంకో కంపెనీలో దూరాను. మాస్టారికి మాత్రం ఆ వయసులో ఎవరూ తలుపు తీయలేదు. నేను ఎయిర్‌పోర్టుకు వెళ్ళాను, ఆయన కోసం పఫ్‌లు కట్టించుకుని.

"ఓడిపోయినాం కదా మాస్టారూ" అన్నాను. నాకు ఏడుపొస్తోంది.

"ఓడిపోయామమ్మా. అయితే ఏం? తప్పు మాదని రాసిచ్చామా?" అని పఫ్ పొట్లం వాసన చూసి, "వేడిగానే ఉన్నయ్యే!" అని సంబరపడి, చెయ్యూపి లోపలికి వెళ్ళిపోయారు.

కొన్నాళ్ళకు, ఒక ఆదివారం, లిటిల్ ఇండియాలో గోంగూర కోసం వెతుకుతుంటే అప్పలనాయుడు ఎదురయ్యాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, పెళ్ళికొడుకులా ఉన్నాడు. ఈరోజు డ్యూటీ లేదా అన్నాను. "వద్దని చెప్పీసినాను మేడమ్" అన్నాడు. ఆరోజు గేటు దగ్గర మాస్టారు చెప్పిన మాట డార్మిటరీ అంతా పాకిందట. శనివారం వచ్చేసరికి ఆఫీసు ముందు వరసకట్టి ఎవరికివాళ్ళు వైని ఎన్‌గా మార్పించుకుంటున్నారట. సూపర్‌వైజర్లు మొత్తుకుంటున్నారట. నేను నడిరోడ్డు మీద పగలబడి నవ్వాను. అదే రాత్రి గుంటూరుకు ఫోను చేసి మాస్టారికి చెప్పాను. "మావాడి పచ్చపెట్టె పని చేసిందమ్మా" అన్నారు. ఆయన మళ్ళీ చరిత్ర పాఠాలు చెప్పుకుంటూ బతికి, ఆమధ్య వెళ్ళిపోయారు. పీహెచ్‌డీ పూర్తి కాలేదు. నాకు మాత్రం ఆయన పాఠం పూర్తయింది.

ఆయన నేర్పిన పంతం వల్ల నేను ఇప్పటిదాకా కొందరు క్లయింట్లను పోగొట్టుకున్నాను. మొండిదని పేరు తెచ్చుకున్నాను. పశ్చాత్తాపం ఏమాత్రం లేదు. నిన్న పఫ్‌లు పట్టుకుని ఇంటికి వెళ్ళేసరికి మా అమ్మాయి నా ఫోనులో మెసేజి చదివేసి, "అమ్మా, వన్ టిక్ ఓన్లీ లా! జస్ట్ పుట్ లా!" అంది. "పెట్టేముందు వాళ్ళనడగాలి కదే" అన్నాను. "హూ?" అంది. పఫ్ ఒకటి దాని చేతిలో పెట్టి, పదహారేళ్ళకు రాజైన ఒక కుర్రాడున్నాడు కూర్చో చెబుతాను అన్నాను.

పొద్దున మీటింగులో క్లయింటు సర్దుబాటు మాట తెచ్చాడు. పాత ఖాతాదార్లకు మాత్రం టిక్కు పెట్టండి, కొత్తవాళ్ళకు వద్దు అన్నాడు. ఆ బేరం నాతో వద్దని చెప్పాను. గడి ఖాళీగానే పంపించాను. మార్చుకోవాలంటే క్లయింటు వాళ్ళే మార్చుకోవాలి, వాళ్ళ చేత్తో.